ట్రంకు పెట్టెలో ఊలు, నవంబరులో పురుడు: ఏది ముందు?

కావలి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అత్తగారు పోయాక ఆవిడ ట్రంకు పెట్టె తెరిచారు. మూడు కిలోల దాకా ఊలు, ఆవిడ అల్లిన పాత స్వెటర్లు రెండు, సగంలో ఆగిపోయిన ఒక స్వెటరు చెయ్యి, గుప్పెడు సూదులు దొరికాయి. మీ ఆడపడుచుకి నవంబరు మధ్యలో పురుడు. అమ్మ లేదు కాబట్టి పురుడు ఢిల్లీలోనే. డిసెంబరు ఆఖర్లో మామగారు కాశీ వెళ్తున్నారు. మీకు నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లూ వచ్చు, రాత్రిపూట ఒక గంట తీరిక ఉంటుంది. బిడ్డకి ఒక సెట్టు, మామగారికి ఫుల్ స్వెటరు, మిగిలితే ఇంకేదైనా అల్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు అన్నారు.

సూదుల దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. నేను ఆడపిల్లల బడిలో చాలా ఏళ్ళు క్రాఫ్ట్ టీచరుగా చేసి నెల్లూరులో రిటైరయ్యాను. కుట్టు తప్పడం వల్ల పాడైన స్వెటర్లు నేను చూసినవి తక్కువ. తప్పిన కుట్టు విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. ఊలు చాలక ఆగిపోయినవి, రోజులు చాలక అటక ఎక్కినవి, బిడ్డ ఎదిగిపోయాక పార్శిల్ చేరినవి మాత్రం లెక్కలేనన్ని.

అన్నిటికంటే ముందు క్యాలెండరు చూడండి. ఉత్తరాదివాళ్ళు వానలు వెనకబట్టాక, దసరాకి ఊలు బయటికి తీసి ఉతికి ఆరేసుకుంటారు. అల్లిక వీడియోలు చేసేవాళ్ళూ ఎక్కువగా అదే చెబుతారు. మనకి అది పనికిరాదు, ఎందుకంటే మన వాన మొదలయ్యేదే అప్పుడు. ఈశాన్య రుతుపవనం అక్టోబరు 20 ప్రాంతంలో వస్తుంది. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. కార్తీకంలో తువ్వాలు ఆరడానికే రెండు రోజులు పడుతుంటే ఊలు ఏం ఆరుతుంది? ఉన్నికి ఇంకో గుణం ఉంది. దాని బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. పైకి పొడిగా ఉందని ఉండ చుట్టి పెట్టేస్తాం, నెల తిరిగేసరికి లోపల ముక్కిపోయిన వాసన. కాబట్టి విప్పడం, ఉతకడం, ఆరేయడం లాంటి నీళ్ళ పనులన్నీ ఈ ఆగస్టు, సెప్టెంబరు ఎండల్లోనే అయిపోవాలి. వాన పట్టాక ఇంట్లో కూర్చుని చేసే పని అల్లిక ఒక్కటే మిగలాలి.

ఇక పెట్టె సంగతి. కలరా ఉండల వాసన గుప్పుమంటోందని రాశారు. ఆ ఒక్క మాటతో మీ ప్లానులో సగం మారిపోతుంది. కలరా ఉండలంటే నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలు కొందరు ఉంటారు, మగపిల్లల్లో ఎక్కువ. అలాంటి బిడ్డకి నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. పుట్టబోయే బిడ్డకి అది ఉందో లేదో మనకి ముందుగా తెలియదు. ఎన్నిసార్లు ఉతికితే పూర్తిగా పోతుందో లెక్కలు వేసుకుంటూ కూర్చునే బదులు, పెట్టెలోని ఊలు బిడ్డకి అసలు వాడొద్దు. బిడ్డకి కొత్తది కొనండి, 250 గ్రాములు చాలు. పెట్టెలోది పెద్దవాళ్ళకి వాడుకోండి. అదీ వారం పాటు గాలికి ఆరబెట్టి, ఉతికాకే. మళ్ళీ దాచేటప్పుడు ఎండిన వేపాకు పాత పంచె గుడ్డలో మూట కట్టి వేయండి.

మూడు కిలోలూ దుప్పటి మీద పరిచి వేరు చేయండి. చిన్న చిన్న బొక్కలు, సాలెగూడు లాంటి తెల్లటి నూగు, ఇసకలాంటి రవ్వ కనబడితే అది చిమ్మెట పని. ఆ ఉండల్ని ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి ఫ్రీజరులో వారం ఉంచండి, ఒక రోజు బయట పెట్టండి, మళ్ళీ ఇంకో వారం. ఇంట్లోవాళ్ళు ఐస్‌క్రీమ్ పక్కన ఊలేమిటని అంటే అననివ్వండి.

లేబుళ్ళు ఊడిపోయిన ఉండలు ఏ రకమో తెలియాలంటే కాల్చి చూడటమే. సింకు దగ్గర నిలబడి, వేలెడు పోగుని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. అసలు ఉన్ని అయితే మంటకి ముడుచుకుని మెల్లగా కాలి, మంట తీయగానే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, మిగిలిన బొగ్గు వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. యాక్రిలిక్ అయితే చటుక్కున అంటుకుని కరిగి చివర నల్లటి గట్టి పూస కడుతుంది. ఆ పూస వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. నూలు దీపం వత్తిలా కాలి, కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. కంపూ పూసా రెండూ ఉన్నాయంటే మిశ్రమం. ఏ ఉండకి ఏం తేలిందో చీటీ రాసి అప్పుడే దారంతో కట్టేయండి. రేపు రాద్దాంలే అనుకుంటే మళ్ళీ కాల్చుకోవాలి.

ఈ పరీక్ష తేలాకే పాత స్వెటర్ల జోలికి వెళ్ళండి. మోచేతులు చిరిగినది యాక్రిలిక్ అయితే విప్పడం దండగ. దానికి పట్టిన వంకీలు నీళ్ళకి పూర్తిగా పోవు, ఆవిరి ఎక్కువైతే జీవం పోయి వేలాడుతుంది. ఉన్ని అయితే మాత్రం తప్పకుండా విప్పండి. ఎలాగంటే, ముందు స్వెటర్ని తిరగేసి పక్క కుట్టు చూడండి. చేతి అల్లిక కాబట్టి ముక్కలని అదే ఊలుతో కలిపి ఉంటారు. ఆ కలిపిన పోగుని మాత్రమే చిన్న కత్తెరతో తెంచుతూ పోవాలి. తొందరలో పక్కనున్న అల్లిక పోగు తెగితే ఆ వరసలన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ముక్కలు విడిపోయాక ముగించిన అంచు వెతకండి. కింద బోర్డరు నుంచి పైకి అల్లినది మెడ, భుజాల వైపు నుంచే సాఫీగా ఊడుతుంది. కింద నుంచి లాగితే ప్రతి కుట్టుకీ చిక్కే.

ఊడిన పోగుని ఉండ చుట్టకండి, కుర్చీ వీపుకి చుట్టండి. ఒక చుట్టు ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి ఉంచుకుంటే, చుట్లు లెక్కపెట్టగానే మీటర్లు తెలిసిపోతాయి. చుట్లన్నీ కలిపి ఒక చిలప అయ్యాక, కుర్చీ నుంచి తీయకముందే, నాలుగు చోట్ల వేరే రంగు నూలు దారంతో వదులుగా ఎనిమిది అంకెలా కట్టండి. ఈ కట్లు బద్ధకించినవాళ్ళకి చిలప బకెట్లోంచి పిచ్చుక గూడులా బయటికొస్తుంది. చెయ్యి పెడితే వేడి తెలియనంత నీళ్ళలో కాస్త కుంకుడు రసం కలిపి అరగంట నాననివ్వండి. తెలుపు, లేత రంగులకి షాంపూ మేలు, కుంకుడుతో పసుపు ఛాయ వస్తుంది. రుద్దకూడదు, పిండకూడదు, వేడి నీళ్ళూ చన్నీళ్ళూ మార్చకూడదు. వేడికీ రాపిడికీ ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అట్ట కట్టేస్తాయి, ఆ తర్వాత బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. మందపాటి తువ్వాలులో చుట్టి కాలితో తొక్కితే తడి పోతుంది. మిద్దె మీద నీడలో దండేనికి వేలాడదీసి, వంకీలు సాగడానికి కింద బట్టల హ్యాంగరు ఒకటి తగిలించండి, అంతకంటే బరువొద్దు. ఉండ చుట్టేటప్పుడు నాలుగు వేళ్ళు లోపల పెట్టి వాటి మీదుగా చుట్టి, వేళ్ళు లాగి, దిక్కు మార్చి మళ్ళీ చుట్టండి. బిగించి చుట్టిన ఊలు సాగి ఉంటుంది. అలాగే అల్లేస్తే మొదటి ఉతుకులోనే స్వెటరు కుదించుకుపోతుంది.

తర్వాత వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కో రంగు తూచి రాసుకోండి. 3-6 నెలల బిడ్డ స్వెటరుకి డబుల్ నిట్ అనే మధ్యరకం మందం ఊలు 150 గ్రాములు, టోపీకి 40, సాక్సుకి 25, మగవాళ్ళ ఫుల్ స్వెటరుకి 500 నుంచి 600, మఫ్లరుకి 200 గ్రాములు అనుకోండి. మందం తెలియకపోతే స్కేలు మీద ఒక అంగుళంలో పోగుని పక్కపక్కనే, నొక్కకుండా చుట్టి చూడండి. 11-14 చుట్లు పడితే డబుల్ నిట్ కింద లెక్క. కొత్తది కొనేటప్పుడు లేబులు మీద లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పేది, అన్ని ఉండలకీ ఒకటే ఉండాలి. షేడ్ నంబరు కలిసి లాట్ కలవకపోతే షాపులో ట్యూబులైటు కింద తేడా కనబడదు, భుజం దగ్గర గీత కొట్టినట్టు పగటి ఎండలో కనబడుతుంది. మన ఊళ్ళ ఫ్యాన్సీ షాపుల్లో ఊలు ఏడాది పొడుగునా ఉండదు, అయిపోయాక అదే లాట్ మళ్ళీ రాదు. ఒక ఉండ అదనంగా తీసుకోండి, మిగిలితే టోపీకి కుచ్చు అవుతుంది.

పెట్టెలో సూదుల మీద 8, 10, 12 అంకెలు ఉన్నాయన్నారు. అవి పాత బ్రిటిష్ నంబర్లు, అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు. మనం చూసే వీడియోల్లో సగం అమెరికావాళ్ళవే. ఈ తేడా తెలియక నేనూ దెబ్బతిన్నాను. మా పెద్ద మనవరాలు పుట్టినప్పుడు అమెరికా పాటర్న్ ఒకటి పట్టుకున్నాను. అందులో టోపీ అంచుకి 3 నంబరు సూది అని ఉంది. అది వాళ్ళ లెక్కలో 3.25 మిల్లీమీటర్లు, అంటే మన 10. నా దగ్గరున్న బ్రిటిష్ 3 నంబరు ఆరు మిల్లీమీటర్ల పైన ఉండే లావుపాటి సూది. పసిబిడ్డకి ఇంత లావు సూదేమిటన్న అనుమానం కూడా రాలేదు నాకు. పుస్తకంలో ఉందిగా అని ఎక్కించేశాను. ఆ టోపీ మా ఇంట్లో ఇప్పటికీ పూజగదిలో గంట మీద ముసుగుగా ఉంది. మీరు నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోండి.

సూది కుదిరిందో లేదో చెప్పేది నమూనా ముక్క. 30 కుట్లు, 40 వరసలు అల్లి, అసలు వస్తువుని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవండి. 4 మిల్లీమీటర్ల సూదితో డబుల్ నిట్‌కి అక్కడ 22 కుట్లు పడాలి. 24 పడితే లావు సూది, 20 పడితే సన్న సూది మార్చుకోండి. రెండు కుట్లే కదా అనుకోకండి. బిడ్డ స్వెటరు చుట్టుకొలతలో అది నాలుగైదు సెంటీమీటర్లు.

ఇప్పుడు రోజుల లెక్క. నవంబరు మధ్యలో పుట్టిన బిడ్డకి ఢిల్లీ చలి ముదిరే జనవరికి రెండు నెలలు. అప్పుడే పుట్టిన సైజు అల్లితే చలి వచ్చేసరికి బిగుతవుతుంది, కాబట్టి 3-6 నెలల సైజు అల్లండి. ఛాతీ 42 సెంటీమీటర్లు అనుకుని, లోపల బట్టలు పట్టేలా స్వెటరు 48 పెట్టుకుంటే చుట్టూ 106 కుట్లు. పొడుగు 26 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లకి 30 వరసల చొప్పున 78 వరసలు. ఒళ్ళు ఎనిమిది వేల పైచిలుకు కుట్లు, రెండు చేతులు కలిపి నాలుగు వేలు, బొత్తాల పట్టీ, మెడ ఇంకో వెయ్యి. మొత్తం 13 వేలు. కొత్త చేతికి నిమిషానికి 20 కుట్లు వేసుకోండి. 650 నిమిషాలు, అంటే 11 గంటలు. అయితే 11 రాత్రుల్లో అయిపోదు. లెక్క తప్పి విప్పడం, ముక్కలు కలపడం, చివరలు దాచడం, బొత్తాలు కుట్టడం అన్నీ కలిపి రెట్టింపు వేసుకోవాలి. సాక్సు, టోపీకి ఇంకో 8 గంటలు. అంటే బిడ్డ సెట్టు 30 రాత్రులు. ఆగస్టు ఆఖరి వారంలో మొదలుపెడితే సెప్టెంబరు ఆఖరుకి అవుతుంది. ఉతికి ఆరేయడానికి అప్పటికి ఎండ ఇంకా ఉంటుంది.

చంటిబిడ్డ విషయంలో రెండు జాగ్రత్తలు. సాక్సులో రంగులు మార్చి అల్లితే లోపల పోగులు ఉచ్చుల్లా వేలాడతాయి. వాటిలో కాలివేలు ఇరుక్కుంటే రక్తం ఆడక వాచిపోతుంది, కాబట్టి సాక్సు ఒకే రంగులో అల్లండి. టోపీ బయటికి తీసుకెళ్ళేటప్పుడే పెట్టాలని మీ ఆడపడుచుకి చెప్పండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు తల మీద టోపీ ఉంటే ఒంటి వేడి బయటికి పోదు, జారితే ముక్కు మీదికి వస్తుంది. బొత్తాలు నూలు దారంతో కుట్టి గట్టిగా లాగి చూడండి.

మామగారి ఫుల్ స్వెటరు లెక్కా చూద్దాం. ఛాతీ వదులుతో 110 సెంటీమీటర్లంటే 242 కుట్లు, పొడుగు 66 అంటే 198 వరసలు. చంకలు, మెడ దగ్గర తగ్గేవి తీసేసినా 44 వేలు, చేతులు 20 వేలు. 64 వేల కుట్లకి 53 గంటలు. పెద్ద ముక్కల్లో విప్పడాలు కాస్త తక్కువ కాబట్టి అన్నీ కలిపి 75 అనుకోండి. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 20 దాకా 80 రాత్రులు ఉన్నాయి కదా అంటారేమో. దసరా, దీపావళి, కార్తీక సోమవారాలు, పిల్లల పరీక్షలు, తుఫాను వచ్చి కరెంటు పోయే రోజులు తీసేయండి. 50 మిగిలితే ఎక్కువ. ఫుల్ స్వెటరు పూర్తి కాదు. చేతుల్లేనిది అంటే 50 కొలిచినట్టు సరిపోతుంది, ఒక్క జ్వరం వచ్చినా ఆగిపోతుంది.

నా సలహా వేరు. మీ ఉత్తరంలో మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు, రెండో స్వెటరు చిరగలేదు, మామగారి సైజే అని. ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్న రోజుల్లో అత్తగారు ఆయన కోసం అల్లింది అదే అయి ఉంటుంది. దాన్నెందుకు విప్పడం? పైన చెప్పినట్టే ఉతికి, కాశీకి అదే వేయించండి. మెడ బోర్డరు సాగి ఉంటే ఆ ఒక్కటీ విప్పి, కుట్లు ఎత్తుకుని, ఒక నంబరు సన్న సూదితో మళ్ళీ అల్లండి. రెండు రాత్రుల పని. మీ చేతులతో మాత్రం పెట్టెలోని ఊలు తీసి మఫ్లరు, మంకీ క్యాపు అల్లండి. మఫ్లరు 40 కుట్లు, 420 వరసలు, అంతా నిట్ కుట్టే. టీవీ చూస్తూ కూడా లాగించేయవచ్చు, 18 గంటల్లో అవుతుంది. డిసెంబరులో కాశీలో తెల్లవారుజామున పది డిగ్రీల చుట్టూ ఉంటుంది, గంగ ఒడ్డున చెవులకి పట్టే చలి. పైగా కావలిలో ఫుల్ స్వెటరు మళ్ళీ ఎప్పుడు వేస్తారు? మంకీ క్యాపు అయితే ఇరవై డిగ్రీలకే తీస్తాం మనవాళ్ళం, ధనుర్మాసం తిరుప్పావైకి గుళ్ళో చూడండి ఎన్ని ఉంటాయో.

మిగిలితే ఏం అల్లాలన్నారు. మార్చిలో మీ ఆడపడుచు బిడ్డని తీసుకుని వస్తారు కదా, అప్పటికి ఇక్కడ ఊలు ముట్టుకోలేం. నూలుతో చేతుల్లేని చొక్కా ఒకటి అల్లండి. నూలుకి ఉన్నిలా సాగే గుణం లేదు, బరువెక్కువ, మొదటి ఉతుకులో కుదించుకుంటుంది. నమూనా ముక్క ఉతికి చూడకుండా నూలు జోలికి పోవద్దు. చెమట చేతులకి సూదులు జారకపోతే పొద్దున ఆరింటి లోపు కూర్చోండి, ఆ గంట రాత్రి రెండు గంటలతో సమానం.

ఇక సగంలో ఆగిన చెయ్యి. అది పూర్తి చేయమంటారా, విప్పమంటారా అన్నారు. రెండూ వద్దు, ఇప్పటికైతే. మీరు అక్కడి నుంచి కొనసాగిస్తే ఆవిడ బిగువు వేరు, మీ బిగువు వేరు కాబట్టి అతుకు దగ్గర గీత పడుతుంది. ఏళ్ళ తరబడి సూది మీదే ఉన్న కుట్లు సాగి, లోహం మసి పట్టి ఉంటాయి. కుట్లు లెక్కపెట్టి, మొద్దు సూదిలో నూలు దారం ఎక్కించి కుట్లన్నిటి గుండా పోనిచ్చి, ఆ తర్వాత అల్లిక సూది లాగేయండి. ఇలా అయితే ఒక్క కుట్టూ జారదు. తర్వాత మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి చూడండి. ఆ ఊలుకి, ఆ సూదికి ఎన్ని కుట్లు పడతాయో ఆవిడ అప్పుడే అల్లి పెట్టారు. అదే మీ మొదటి నమూనా ముక్క. అదే రకం ఊలు పెట్టెలో ఎంతుందో తూచి చూడండి. 500 గ్రాములు దాటితే వచ్చే ఏడాది సంగతి మామగారిని అడిగి తేల్చుకోవచ్చు.